సాయంత్రం సెంటు: మన గాలికి ఎంత, ఎక్కడ

(మగవాళ్ల దుస్తులు, అలంకరణ సామగ్రి అమ్మే దుకాణదారుల కోసం భీమవరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసల్లో వినబడుతోందా? సరే.

మీ కౌంటరు దగ్గర రోజూ జరిగేదే చెబుతాను. కుర్రాడొస్తాడు. "సాయంత్రం రిసెప్షనుందండీ, మాంచి సెంటు ఒకటి చూపించండి" అంటాడు. మీరు నల్ల సీసా తీస్తారు. సాయంత్రం వేళకని తయారయ్యే మగవాళ్ల సెంట్లు చాలామటుకు నలుపులోనో, ముదురు నీలంలోనో, తేనె రంగులోనో వస్తాయి. పెట్టె మీద నైట్ అనో, నువార్ అనో, ఇంటెన్స్ అనో ఉంటుంది. అతను మణికట్టు మీద ఒకటి కొట్టి, తడి ఆరకుండానే ముక్కు దగ్గర పెట్టుకుని, "బావుందండీ, ప్యాక్ చేసేయండి" అంటాడు. అతను కొన్నది మొదటి పది నిమిషాలు. పెళ్లిలో పక్కవాళ్లకి తగిలేది ఆ తర్వాతి నాలుగైదు గంటలు. ఆ రెండిటికీ చాలాసార్లు పోలికే ఉండదు.

సెంటు మనిషి స్వభావం చెబుతుందని ప్రకటనలన్నీ అంటాయి. నేనూ కాదనను. కాకపోతే సీసా మీది పేరు కంటే ఆ వాసన ఎంత దూరం వెళుతోందన్నదే ఎక్కువ చెబుతుంది. మూరెడు దూరంలో కూర్చున్నవాడికి తెలిసే సెంటు ఒక మనిషిని చూపిస్తుంది. పది బారల దూరంలో, చెప్పుల స్టాండు దగ్గరే తెలిసిపోయే సెంటు వేరే మనిషిని చూపిస్తుంది. సీసా ఒకటే కావచ్చు. ఇక మన డెల్టా గాలిలో ఆ దూరం మనం అనుకున్నదానికంటే ఎప్పుడూ పెరిగే ఉంటుంది. ఈ పూట నేను చెప్పేదంతా ఈ దూరం గురించే.

ముందు సీసాలో ఏముందో చూద్దాం. ఎక్కువ భాగం ఆల్కహాలే. అందులో పరిమళ తైలం పాలు బట్టి పేర్లు మారతాయి. ఓ దె కొలోన్ అంటే సుమారు 2 నుంచి 5 శాతం, ఓ దె టాయిలెట్ 5 నుంచి 15, ఓ దె పర్ఫ్యూమ్ 15 నుంచి 20, ఆ పైన ఎక్స్‌ట్రెయిట్. ఇవి చట్టం గీసిన గీతలు కావు, కంపెనీల వాడుక. అందుకని ఒక కంపెనీ టాయిలెట్ ఇంకో కంపెనీ పర్ఫ్యూమ్ కంటే గట్టిగా ఉండొచ్చు. ఒక నొక్కుకి పడేది దాదాపు పదోవంతు మిల్లీలీటరు. అంటే 100 మి.లీ. సీసాలో సుమారు వెయ్యి నొక్కులు. పూటకి మూడేసి కొట్టుకున్నా మూడొందల పైచిలుకు సాయంత్రాలు వస్తుంది. "నెలకే అయిపోయిందండీ" అని ఎవరైనా వస్తే, సీసా కారుతోందో లేదో తర్వాత చూడండి, ముందు ఎన్ని కొడుతున్నాడో అడగండి.

వాసన మూడు అంచెల్లో వస్తుంది. నిమ్మ, బెర్గమాట్, పుదీనా లాంటివి తేలిక అణువులు. పావుగంట, మహా అయితే అరగంటలో ఎగిరిపోతాయి. తర్వాత ల్యావెండర్, జెరేనియం, యాలకులు, దాల్చిన చెక్క లాంటివి రెండు మూడు గంటలు ఉంటాయి. అడుగున మిగిలేవి గంధం, వెనిలా, టోంకా, అగరు, కస్తూరి తరహా వాసనలు. ఇవి బరువు అణువులు, మెల్లగా ఆవిరవుతాయి. పగటి సెంటులో బరువంతా మొదటి రెండంచెల మీద ఉంటుంది. సాయంత్రం సెంటులో అడుగు అంచె మీద ఉంటుంది. తేడా ఇంతే. రాత్రికి ప్రత్యేకమైన పూవంటూ ఏదీ లేదు.

ఈ అడుగు అంచెకి ఒక చరిత్ర ఉంది, కాస్త చెప్పుకోవాలి. 1868లో విలియం పెర్కిన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త కూమరిన్‌ని ప్రయోగశాలలో తయారుచేశాడు. టోంకా గింజలో సహజంగా ఉండే పదార్థం ఇది. వాసన ఎలా ఉంటుందంటే, కోసి ఎండబెట్టిన పచ్చిక వాసనకి బాదంపప్పు తీపి తోడైనట్టు. 1882లో ఊబిగాన్ అనే ఫ్రెంచి సెంట్ల కంపెనీకి పాల్ పార్కే ఈ కూమరిన్‌కి ల్యావెండర్, ఓక్ చెట్టు పాచి కలిపి ఫుజేర్ రాయాల్ అనే సెంటు చేశాడు. ఇప్పటికీ మంగలి షాపులో గడ్డం గీశాక రాసే లోషను వాసనకి మూలం అదే కూర్పు. 1874లో వెనిలిన్ కూడా కృత్రిమంగా వచ్చేసింది. తీపి, వెచ్చదనం అప్పటినుంచి చవకయ్యాయి. 1995లో వచ్చిన ల మాల్ అనే మగవాళ్ల సెంటు ల్యావెండర్‌ని, పుదీనాని తెచ్చి వెనిలాలో ముంచింది. మరుసటి ఏడే ఏ మెన్ వచ్చి కారమెల్, కాఫీ, చాక్లెట్ల దాకా వెళ్లిపోయింది. 2008లో వన్ మిలియన్, 2009లో ల న్యుయీ దె లోమ్, 2012లో స్పైస్‌బాంబ్. ఇవాళ మీ అలమరలో ఉన్న చవక రకాలు సగానికి సగం వీటికి నకళ్లో, నకళ్లకి నకళ్లో.

గుర్తుపెట్టుకోవలసింది ఏంటంటే, వీటన్నిటినీ కూర్చినవాళ్లు చల్లటి సాయంత్రాన్ని మనసులో పెట్టుకుని కూర్చారు. ఒంటి మీద ఉన్ని కోటుంటుంది, గాలి పొడిగా ఉంటుంది, చర్మం చల్లబడి ఉంటుంది. ఆ చలిలో బరువు అణువు కదలాలంటే గట్టిగా వెయ్యాలి, తియ్యగా వెయ్యాలి. వాళ్లకది సబబే.

మరి మన సంగతి? వైశాఖ, జ్యేష్ఠాల్లో రాత్రి ఎనిమిదైనా ముప్పై డిగ్రీలు దిగదు. చుట్టూ కాలువలు, చేపల చెరువులు, అవతల సముద్రం. ఒంటికి పట్టిన చెమట గాలిలో కలవదు, అక్కడే జిడ్డుగా నిలబడుతుంది. వేడికి సెంటు త్వరగా ఆవిరవుతుంది, కాబట్టి మొదటి గంటలో గుప్పుమంటుంది. తర్వాత చెమటలో పల్చబడి, తుడుపుల్లో పోతుంది. అంటే కావలసినదానికంటే ఘాటు, కావలసినదానికంటే తక్కువ సేపు. ఇక్కడ మనవాడు చేసే పని, "నిలబడటం లేదండీ" అని ఇంకో నాలుగు కొట్టుకోవడం. నిలబడేది పెరగదు, ఘాటే పెరుగుతుంది.

తుడుపు సంగతి కొంచెం దగ్గరగా చూడండి. పెళ్లి పందిట్లో మగవాళ్లని గమనిస్తే ప్రతి పది నిమిషాలకీ కర్చీఫో కండువా కొసో తీసి, ముందు మెడ వెనక, తర్వాత గొంతు కింద తుడుచుకుంటారు. అందరూ సెంటు కొట్టుకునేది సరిగ్గా అక్కడే. అంటే ఇంట్లో పెట్టిన ఖర్చంతా తొమ్మిది గంటలకల్లా కర్చీఫులోకి పోతోంది. ఇంకొకటి, మెడకి ముందే పౌడరు రాసుకుని దాని మీద సెంటు కొట్టేవాళ్లు మన దగ్గర చాలామంది. పౌడరు ఆల్కహాలుకి తడిసి ముద్దలు కడుతుంది, మెడ ముడతల్లో తెల్లగా చారలు తేలతాయి. పైగా పౌడరుకి తన పూల వాసన ఉంటుంది, ఆ గోలలో యాలకులేవో అగరేదో ఎవరికీ తెలియదు. పౌడరా సెంటా, ఒకటి ఎంచుకోమనండి.

మన వాతావరణానికి కుదిరే పద్ధతి ఇదండీ. స్నానం అయ్యాక ఫ్యాను కింద ఐదు నిమిషాలు నిలబడి ఒళ్లు పూర్తిగా ఆరనివ్వాలి. స్నానం చేసిన వేడికే మనకి మళ్లీ చెమట పడుతుంది, అది కూడా ఆగాలి. తర్వాత బనియను వేసుకోకముందే ఛాతీ మధ్యలో, జానెడు దూరం నుంచి, ఓ దె పర్ఫ్యూమ్ అయితే ఒకటి, టాయిలెట్ అయితే రెండు. నిమిషం ఆరనిచ్చి బనియను, చొక్కా వేసుకోవాలి. రెండు పొరల బట్ట వాసనని పట్టి ఉంచుతుంది, ఒంటి వేడి మెల్లగా కాలరు దగ్గరికి పంపుతుంది. రెండోది మోచేతి మడతలో ఒకటి. మణికట్ల మీద కొట్టి రెండూ రుద్దుకోవడం మానిపించండి. రుద్దితే అణువులు విరిగిపోతాయని చెబుతారు, అదంత నిజం కాదు. రుద్దుడు వేడికి పై అంచె త్వరగా పోతుంది, సగం ఇంకో చేతికి అంటుకుంటుంది, అంతే నష్టం.

ఇదంతా ఇల్లు కదలడానికి అరగంట ముందు. అప్పుడైతే ఆల్కహాలు ఘాటు, పై అంచె హడావుడి ఇంట్లోనే అయిపోతాయి. హాలు గుమ్మం దగ్గరికి మధ్య అంచెతో చేరతాడు. కారులో కూర్చున్నాక కొట్టుకునేవాళ్లుంటారు చూడండి, ఏసీ వేసి అద్దాలు మూసి, తోటివాళ్లకి తలనొప్పి తెప్పించేది వాళ్లే.

దీపారాధన దగ్గర, హోమం దగ్గర, పొయ్యి దగ్గర కొట్టుకోకూడదని కూడా చెప్పి అమ్మండి. సీసాలో ఉన్నది మండే సరుకు. గ్యాసుతో వచ్చే డియోడరెంటు డబ్బా ఇంకా ప్రమాదం.

బట్టల మీద కొట్టడం గురించి మీకు రోజూ ప్రశ్నలు వస్తుంటాయి. నూలు బట్ట సెంటుని చర్మం కంటే ఎక్కువ సేపు పట్టుకుంటుంది, అది నిజం. కానీ వెనిలిన్, లవంగ నూనె ఉన్న సెంట్లు గాలి తగిలేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతాయి. సీసాలో ద్రవం తేనె రంగులో ఉందంటే తెల్ల పంచె మీద, తెల్ల లాల్చీ మీద మచ్చ పడుతుందనే అనుకోండి. పట్టు పంచె మీద అసలొద్దు. ఆల్కహాలు రంగుని కదిపి గుండ్రంగా మచ్చ చేస్తుంది, జరీ నల్లబడుతుంది. తప్పదంటే చొక్కా లోపలి వైపు, బటన్ల పట్టీ వెనక ఒక్కటి.

ఇక పెళ్లి హాలు. అతను కొట్టుకున్న సెంటు ఒంటరిగా ఉండదు. గుమ్మంలోనే పన్నీరు చల్లుతారు, చేతికి గంధం రాస్తారు. లోపల మల్లెపూల జడలు, స్టేజీకి కట్టిన లిల్లీ దండలు. కడియపులంక పూల మార్కెట్టు నుంచి వచ్చిన బుట్టలన్నీ ఒకే గదిలో ఊపిరి పీలుస్తుంటాయి. గంధం, గులాబీ, మల్లె ముందే ఉన్న చోట ఏది ఇముడుతుందో దాన్ని ఎంచాలి. యాలకులు, గంధం, వట్టివేరు, అగరు ఇముడుతాయి. సముద్రపు గాలి అని చెప్పి అమ్మే నీటి వాసన సెంట్లు, 1988లో కూల్ వాటర్ తర్వాత బారులు తీరినవి, ఆఫీసుకి బావుంటాయి గానీ పన్నీరు పక్కన బట్టల సబ్బులా తేలిపోతాయి. ఇది నా అభిప్రాయం. మీరు ఒకసారి చేతి మీద గంధం రాసుకుని పక్కనే కొట్టి చూడండి.

భోజనాల దగ్గర మరో చిక్కుంది. మన దగ్గర పెళ్లివారు స్వయంగా బంతిలో నిలబడి వడ్డిస్తారు. వంగి విస్తట్లో గారె వేసేటప్పుడు మణికట్టు తినేవాడి ముక్కుకి జానెడు దూరంలోకి వస్తుంది. ఆవకాయకీ, నేతికీ మధ్య వెనిలా దూరితే ముద్ద దిగదు. వడ్డించేవాడు మోచేతి కింద ఎక్కడా సెంటు పెట్టుకోకూడదు. అలాగే పసిపిల్లల్ని ఎత్తుకునే తాతలు మెడకి పూసుకోకూడదు. పిల్ల ముఖం ఆనేది అక్కడే.

ఇప్పుడు స్వభావం దగ్గరికి వద్దాం. కొనేవాడు అడగకపోయినా అతని మనసులో ఉన్న ప్రశ్న అదే: "ఇది కొట్టుకుంటే నేనెలా కనిపిస్తాను?"

ల్యావెండర్, యాలకులు, కింద కూమరిన్, దేవదారు. ల న్యుయీ దె లోమ్ ఈ దారిలోదే. ప్యారిస్‌లో దీన్ని రాత్రి, సరసం అని అమ్మారు. మన ముక్కుకి యాలకులంటే పాయసం, తాంబూలం. సరసం సంగతెలా ఉన్నా, ఇక్కడ అది మర్యాద తెలిసిన మనిషి వాసన. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ మడత చెడకుండా వచ్చి, పెద్దల పక్కన కూర్చోగలవాడిని చూపిస్తుంది. ఇరవై అయిదుకీ నప్పుతుంది, అరవైకీ నప్పుతుంది. ఏది ఇవ్వాలో తోచనప్పుడు ఈ తరహా ఇవ్వండి. పండక్కి అత్తారింటికి వెళ్లే కొత్త అల్లుడికి కూడా ఇదే. అసలే అక్కడ అందరి కళ్లూ అతని మీదే ఉంటాయి, సెంటు కూడా అరవనక్కర్లేదు.

తియ్యటివి, అంటే వెనిలా, కారమెల్, టోంకా దండిగా ఉన్నవి, నన్ను చూడండి అంటాయి. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ మాట అందంగానే ఉంటుంది. నలభై దాటినవాడు అదే నాలుగు నొక్కులు కొడితే ఎవరినో ఒప్పించాలని చూస్తున్నట్టుంటుంది. పైగా మన విందుల్లో కాజాలు, పూతరేకులు, జిలేబీ పాకం ఉండనే ఉంటాయి. ఆ తీపిలో ఈ తీపి కలిసిపోయి మనిషి మిఠాయి కొట్లోంచి వచ్చినట్టు ఉంటాడు. ధనుర్మాసం నుంచి శివరాత్రి దాకా, రాత్రి చల్లబడే రోజుల్లో అమ్మండి. ఎండాకాలంలో అడిగితే ఒక్క నొక్కు, ఛాతీ మీద, అని చెప్పి ఇవ్వండి.

వట్టివేరు విషయంలో నాకు పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నాను. వేసవిలో తడికెలు కట్టి నీళ్లు చల్లిన వాసన మనందరికీ తెలుసు. దాన్నే గెర్లాన్ కంపెనీ 1959లో వెటివేర్ పేరుతో పొగాకు, నిమ్మజాతి వాసనలు కలిపి మగవాళ్ల సెంటు చేసింది. ఇవాళ ప్రపంచంలో వట్టివేరు నూనె ఎక్కువగా వచ్చేది హైతీ దేశం నుంచి. అది కాస్త పొగ వాసనతో, పొడిగా ఉంటుంది. ఉత్తరాదిన అడవి వేళ్ల నుంచి తీసే రూహ్ ఖస్ పచ్చగా, మట్టి చల్లదనంతో ఉంటుంది. ఇది వేడికి వెగటు కాదు, చెమటతో పోట్లాడదు. తక్కువ మాట్లాడే మనిషిని, తన పని తను చూసుకునే మనిషిని చూపిస్తుంది. పగటి సెంటు కదా అంటారు. దాని కింద గంధమో, టోంకానో ఉన్న రకం తీసుకుంటే మన సాయంత్రాలకి అంతకంటే నప్పేది లేదు.

అగరు, అదే ఊద్. పాశ్చాత్య సెంట్లలో దీనికి పేరు తెచ్చింది 2002లో వచ్చిన ఎమ్‌ సెవెన్. మన దగ్గరికి మాత్రం అది ప్యారిస్ మీదుగా రాలేదు. కువైట్, దుబాయి, మస్కట్ల నుంచి సెలవుకొచ్చే మనవాళ్ల పెట్టెల్లో వచ్చింది. దర్జా, డబ్బు, కొంత ఎడం, ఈ మూడూ ఆ వాసనలో ఉంటాయి. రైసు మిల్లు యజమాని, పెళ్లికొడుకు తండ్రి వేసుకుంటే నిలుస్తుంది. పెళ్లికొడుకే వేసుకుంటే తండ్రి కోటు తొడుక్కున్నట్టు ఉంటుంది. అక్కడివాళ్లు ఏసీ గదులకి, వదులు బట్టల మీద వేసుకోవడానికి చేసినవివి. మన ఉక్కలో ఒక నొక్కే ఎక్కువ. చవక ఊద్‌లో అసలు అగరు ఉండదు, కూర్పు వాసనే. అది తప్పేం కాదు, కాకపోతే అసలు అగరని చెప్పి అమ్మకండి.

పొగాకు, తోలు వాసనలు సంక్రాంతికి బావుంటాయి. భోగి మంట పొగ, పందెం బరి దుమ్ము, మంచు, వీటి మధ్య అవి ఒదుగుతాయి. సెంటులో పొగాకంటే కాల్చిన పొగ కాదు, పదునెక్కిన ఆకు. తేనె, ఎండు ద్రాక్ష ఛాయ ఉంటుంది. గోదావరి లంకల పొగాకు పెరిగిన నేల మనది, ఇంట్లో చుట్టల పెట్టె తెరిస్తే వచ్చిన వాసన యాభై దాటినవాళ్లకి ఇంకా గుర్తుంటుంది. ఖరీదైన టొబాకో వెనిల్ లాంటివి 2007 నుంచి అదే వాసనని క్లబ్బుల దర్జాగా అమ్ముతున్నాయి. మన పెద్దాయన దాన్ని వేసుకుంటే ఏ వేషమూ వేసినట్టు ఉండదు.

చివరిగా, ఆంబ్రాక్సాన్ ఎక్కువ పోసిన నీలం సీసాలు. 2015లో డియోర్ సొవాజ్ తర్వాత ఇవి వెల్లువెత్తాయి. తిమింగలం నుంచి వచ్చే అంబర్‌గ్రీస్ వాసనని తలపించే పదార్థమిది, క్లారీ సేజ్ అనే మొక్క సరుకు నుంచి చేస్తారు. బాగా అమ్ముడవుతాయి, చెడ్డవీ కావు. వాటితో ఉన్న ఇబ్బంది చెబుతాను. అలాంటి వాసనకి వేసుకున్నవాడి ముక్కు కాసేపటికి అలవాటు పడిపోతుంది, వాడికి తెలియడం ఆగిపోతుంది. గదిలో అవతలి మూలకి మాత్రం ఇంకా వెళుతూనే ఉంటుంది. పైగా ఒకే హాలులో పదిమంది అదే కొట్టుకుని వస్తే స్వభావం అన్న మాటే లేదు, యూనిఫాం వేసుకున్నట్టు.

ఎంపిక ఎలా చేయించాలి? ఒక పూటకి మూడు రకాలకి మించి చూపించకండి, నాలుగోదానికి ముక్కు మొద్దుబారుతుంది. కాఫీ గింజల డబ్బా పెడతారు గానీ దానికంటే గుమ్మంలోకి వెళ్లి తన చొక్కా మోచేతి దగ్గర వాసన చూసుకోమనడం మేలు. ముందు కాగితపు పట్టీ మీద, నచ్చిన ఒకటి రెండే చర్మం మీద, చేతికొకటి. కొట్టి పంపేయండి. "సాయంత్రం భోజనం చేశాక చూసుకుని రేపు రండి" అనండి. ఒక బేరం పోతుందని భయపడకండి. 2 మి.లీ. శాంపిల్ సీసా అమ్మగలిగితే ఇంకా మంచిది, ఇరవై నొక్కులు, ఐదారు సాయంత్రాలు చూసుకోవచ్చు. కస్తూరి తరహా కృత్రిమ అణువుల్లో కొన్ని కొందరి ముక్కుకి పుట్టుకతోనే తెలియవు. "దీంట్లో వాసనే లేదండీ" అన్నవాడు అబద్ధం చెప్పడం లేదు. అలాంటివాడు ఎక్కువ కొట్టేసుకుంటాడు, వేరే రకం ఇవ్వండి.

దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతి చేసినవారి పేరు, చిరునామా, ఎమ్మార్పీ, తయారీ నెల, సంవత్సరం ఉండాలి. పెట్టె మీద బ్యాచ్ నంబరూ సీసా అడుగున బ్యాచ్ నంబరూ ఒకటే కావాలి. గొట్టం సన్నగా, దాదాపు కనబడనట్టు ఉండి సీసా అడుగుకి సరిగ్గా ఆనాలి. పొడవెక్కువై మడతపడిందంటే అనుమానించండి. నకిలీలో పై అంచె భలేగా కుదురుతుంది, అరగంట తర్వాత ఖాళీ, ఉత్త స్పిరిట్ తీపి. అందుకే పై అంచె చూసి కొనేవాడు సులువుగా మోసపోతాడు.

నిలవ గురించి ఒక్క మాట. బాత్‌రూంలో వద్దు, కారు డ్యాష్‌బోర్డులో అసలే వద్దు, పడమటెండ పడే షోకేసులో పెట్టి అమ్మకండి. ఇంట్లో చీకటి బీరువా చాలు.

అత్తరు గురించి రాసిచ్చిన చీటీలున్నాయి. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో డేగ్ అనే పెద్ద రాగి బానలో పూలూ వేళ్లూ నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని భప్కా అనే పాత్రలో ఉన్న గంధపు నూనెలోకి దింపుతారు. అసలు పద్ధతి అది. ఇప్పుడు గంధపు నూనె ఖరీదుకి చాలామంది వేరే నూనెలు వాడుతున్నారు. అత్తరులో ఆల్కహాలు ఉండదు, గుప్పుమనదు, ఒంటినంటుకుని మూరెడు దూరంలోనే ఉంటుంది. అందుకే మన ఉక్కకి అది స్ప్రే కంటే తెలివైన ఎంపిక అంటాను. ఖస్ అంటే వట్టివేరు అత్తరు, శమామా అంటే మూలికలూ సుగంధ ద్రవ్యాలూ కలిపి చేసేది, ఈ రెండూ సాయంత్రానికి బావుంటాయి. మొగలి అత్తరు ఎక్కువగా ఒడిశాలోని గంజాం నుంచి వస్తుంది. ఘాటు విపరీతం, అగ్గిపుల్ల తలంత చాలు. చెవి వెనక, మోచేతి మడతలో ముట్టించాలి. బట్టకి తగిలితే నూనె మచ్చ, పోదు.

పల్చన చేసుకోవాలంటే 5 మి.లీ. రోలాన్ సీసాలో అర మిల్లీలీటరు అత్తరు, మిగతాది జొజోబా నూనె. కోనసీమ పక్కనే కూర్చుని కొబ్బరినూనె వద్దంటే నన్ను కొడతారు గానీ, గానుగ కొబ్బరినూనె వద్దు. దాని వాసన దానికుంది, అత్తరు మీదెక్కి కూర్చుంటుంది. పైగా సంక్రాంతి చలికి సీసాలో గడ్డకడుతుంది. వాసన తీసేసిన, గడ్డకట్టని ఫ్రాక్షనేటెడ్ రకం దొరికితే వాడుకోవచ్చు.

ఇక అడగండి.

ప్రశ్న: చంకలకి డియోడరెంటు, పైన సెంటు, రెండూ వాడొచ్చాండీ?

వాడొచ్చు, డియోడరెంటుకి వాసన లేకపోతే. చెమట ఆపే రోలాన్, వాసన లేనిది, స్నానం చేసి ఆరాక రాసుకుని దాని పనిని దాన్ని చేసుకోనివ్వాలి. చెమట వాసనని కప్పడానికి సెంటు కొడితే రెండూ కలిసి మూడో వాసన పుడుతుంది, అది మొదటి రెండిటికంటే ఘోరం.

ప్రశ్న: అర్ధరాత్రి ముహూర్తమైతేనండీ? ఎనిమిదికి కొట్టుకున్నది ఒంటిగంటకి ఉండదు కదా.

ఉండదు. 5 మి.లీ. చిన్న సీసాలో పోసుకుని జేబులో పెట్టుకోవాలి. పదకొండు దాటాక ముందు తడి గుడ్డతో ఛాతీ, మెడ తుడుచుకుని, ఆరాక ఒక్క నొక్కు. చెమట మీద కొట్టకూడదు. ఇంకా ఉందో లేదో తన ముక్కుని నమ్మకుండా పక్కనున్న బావమరిదిని అడగాలి. బావమరిది నిజమే చెబుతాడు.

ప్రశ్న: ఎక్కువైపోతే తగ్గించుకునే దారుందాండీ?

చర్మం మీదైతే ఉంది. దూదిని వాసన లేని శానిటైజరులో తడిపి, కొట్టుకున్న చోట తుడవండి, తర్వాత సబ్బు నీళ్లు. ఉత్త నీళ్లతో కడిగితే పోదు, అది నూనె. చొక్కా మీద పడితే ఆ పూటకి చొక్కా మార్చడమే. లేదంటే విప్పి ఫ్యాను కింద గంట ఆరేయాలి.